లడాఖ్ వెళ్తారా? ముందు రెండు రోజులు ఊరికే కూర్చోండి!

పిల్లలూ! ఆర్మూరు పక్కన పెర్కిట్ దగ్గర కాసేపు నిలబడితే మీ కళ్ళముందు లారీలు బారులు తీరి పోతుంటాయి. అది 44వ నంబరు జాతీయ రహదారి. పెద్దవాళ్ళు అలవాటు కొద్దీ ఇప్పటికీ 7వ నంబరు రోడ్డనే అంటారు. ఆ రోడ్డుకు దక్షిణపు కొన కన్యాకుమారి, ఉత్తరపు కొన శ్రీనగర్. మన పసుపు బస్తాలు వేసుకున్న లారీ ఒకటి ఎక్కడా ఆగకుండా ఉత్తరానికి పోయిందనుకోండి, శ్రీనగర్ చేరుతుంది. అక్కడి నుంచి కొండదారిలో మరో 420 కిలోమీటర్లు పోతే లేహ్ పట్టణం వస్తుంది. అదే లడాఖ్. సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తున ఉన్న చల్లని ఎడారి!

మా బడిలో చదివి ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్న ముగ్గురు కుర్రాళ్ళు సంక్రాంతి సెలవులకు ఊరికి వచ్చి నన్ను చూడవచ్చారు. "సార్, జూన్ల లడాఖ్ పోతున్నం. ప్లాన్ మొత్తం రాసుకున్నం, జర చూడుండ్రి" అంటూ ఒక కాగితం నా చేతిలో పెట్టారు. మొదటి రోజు పొద్దున ఢిల్లీ నుంచి విమానంలో లేహ్. సాయంత్రం కొండ మీది శాంతి స్తూపం. రెండో రోజు అద్దె మోటారు సైకిళ్ళ మీద ఖర్దుంగ్ లా కనుమ. మూడో రోజు పాంగాంగ్ సరస్సు, రాత్రి అక్కడే గుడారంలో నిద్ర. విమానం టిక్కెట్లు, పెట్రోలు, స్వెట్టర్లు, తిండి ఖర్చు అన్నీ పైసలతో సహా లెక్క కట్టారు. ఒక్కదాన్ని మాత్రం మరచిపోయారు. అది గాలి!

నేను వాళ్ళను చూసి నవ్వలేదు. కొన్నేళ్ళ క్రితం నేను కూడా అచ్చం అలాంటి కాగితమే రాసుకున్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ ప్రాంతం ఎలాంటిదో చూద్దాం.

ఇసుక లేకపోయినా ఎడారే

ఎడారి అనగానే మీకు ఇసుక తిన్నెలు, ఒంటెలు, మండే ఎండ గుర్తుకు వస్తాయి. కాని ఎడారి అనిపించుకోవడానికి వేడి అక్కరలేదు, వాన కురవకపోతే చాలు. మన నిజామాబాదు జిల్లాలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడుతుంది. లేహ్‌లో వానా మంచూ కలిపి లెక్క వేసినా సుమారు 100 మిల్లీమీటర్లే! మన దగ్గర ఏడాదంతా కురిసే దానిలో పదోవంతు అన్నమాట.

కారణం హిమాలయాలే. నైరుతి రుతుపవనాల మేఘాలు దక్షిణం వైపు నుంచి వచ్చి ఆ కొండలను ఎక్కవలసి వస్తుంది. పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది, చల్లబడిన గాలి నీటి ఆవిరిని మోయలేదు. అందువల్ల వానంతా దక్షిణపు వాలులోనే కురిసిపోతుంది. కొండ దాటి లడాఖ్‌లోకి దిగే గాలి పిండేసిన బట్టలా పొడిగా ఉంటుంది. ఇలాంటి చోటును వర్షచ్ఛాయా ప్రాంతం అంటారు. అక్కడి రైతులు వానను నమ్ముకోరు. కొండల మీది మంచు కరిగి వచ్చే నీటిని కాలువలతో మళ్ళించి బార్లీ, ఆప్రికాట్ పండిస్తారు.

గాలి సముద్రం అడుగున

మనమంతా ఒక పెద్ద గాలి సముద్రం అడుగున బతుకుతున్నాం. మన తల మీద ఉన్న గాలి బరువే వాయుపీడనం. దాన్ని పాదరసం మట్టంతో కొలుస్తారని మీరు చదువుకున్నారు. సముద్రమట్టం దగ్గర ఆ మట్టం 76 సెంటీమీటర్లు.

కొండ ఎక్కితే పైన ఉండే గాలి తగ్గాలి గదా, అప్పుడు పాదరసం కూడా దిగాలి గదా అని ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త పాస్కల్‌కు ఆలోచన వచ్చింది. ఆయన కోరిక మీద బావగారు పెరియే 1648 సెప్టెంబరు 19న పుయ్ ద దోమ్ అనే కొండ ఎక్కి కొలిచాడు. కొండ కింద ఉన్న మట్టం కంటే శిఖరం మీద మట్టం 8 సెంటీమీటర్లకు పైగా తగ్గింది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుందని అలా రుజువైంది.

ఇప్పుడు మన దారి వెంబడి ఆ మట్టాన్ని లెక్క వేద్దాం. ఇవి సుమారు అంకెలు.

ఆర్మూరు (400 మీటర్ల లోపు): 73 సెంటీమీటర్లు
శ్రీనగర్ (1,600 మీటర్లు): 63 సెంటీమీటర్లు
లేహ్ (3,500 మీటర్లు): 50 సెంటీమీటర్లు
ఖర్దుంగ్ లా (5,359 మీటర్లు): 40 సెంటీమీటర్లు
ఎవరెస్టు శిఖరం (8,848 మీటర్లు): 25 సెంటీమీటర్లు

ఇక్కడ చాలామంది పొరపడతారు. పైకి పోతే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని పరీక్షల్లో కూడా రాస్తుంటారు. అది తప్పు. ఆర్మూరులోనూ, ఎవరెస్టు మీదా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. తగ్గేది శాతం కాదు, పీడనం. గాలి పలచబడటం వల్ల ఒక్కో గుక్కలో మన ఊపిరితిత్తుల్లోకి వచ్చే అణువులే తక్కువ. పాలు అవే, గ్లాసు చిన్నదైంది అనుకోండి. ఆర్మూరులో పీల్చిన ఒక గుక్కలో ఎంత ఆక్సిజన్ ఉంటుందో, లేహ్‌లో పీల్చిన గుక్కలో దానిలో మూడింట రెండు వంతులే ఉంటుంది.

పీడనం తగ్గితే వంటింట్లో కూడా తేడా కనిపిస్తుంది. సముద్రమట్టం దగ్గర నీళ్ళు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగుతాయి. లేహ్‌లో 88 డిగ్రీలకే మరిగిపోతాయి. ఆ తర్వాత ఎంత మంట పెట్టినా నీళ్ళ వేడి పెరగదు. అందుకే అక్కడ పప్పు ఉడకాలంటే ప్రెషర్ కుక్కర్ ఉండవలసిందే. మన రైతులు కడాయిలో వేసి ఉడికించే పసుపు కొమ్ములను అక్కడ ఉడికించాలంటే కట్టెలూ ఎక్కువ కావాలి, ఓపికా ఎక్కువ కావాలి.

ఒంటికి నాలుగు రోజుల పాఠం

గుక్క చిన్నదైతే శరీరం ఏం చేస్తుంది? ముందుగా గుక్కల సంఖ్య పెంచుతుంది. మెడలోని పెద్ద రక్తనాళాల దగ్గర ఆక్సిజన్‌ను కనిపెట్టి చూసే చిన్న కణాల గుంపులున్నాయి. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే అవి మెదడుకు కబురు పంపుతాయి. శ్వాస వేగం పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఇది కొద్ది నిమిషాల్లోనే జరిగిపోతుంది.

ఇక్కడే ఒక చిక్కు వచ్చి పడుతుంది. వేగంగా ఊపిరి వదిలితే దానితో పాటు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోతుంది. కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగితే ఆమ్లమవుతుందని మీకు తెలుసు. రక్తంలో నుంచి అది పోయేకొద్దీ రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. దాన్ని గమనించిన మెదడు "ఇక చాలు, ఊపిరి తగ్గించు" అని పగ్గం వేస్తుంది. ఒకవైపు మెడ తొందర పెడుతుంది, మరొకవైపు మెదడు ఆపుతుంది. నిద్రలో ఈ పెనుగులాట ఇంకా ఎక్కువ. ఊపిరి కాసేపు జోరుగా ఆడి, కాసేపు ఆగినట్టవుతుంది. కొత్తగా ఎత్తుకు వెళ్ళినవారికి రాత్రి సరిగా నిద్ర పట్టకపోవడం, తలనొప్పితో మెలకువ రావడం అందుకే.

ఈ తగవు తీర్చేవి మూత్రపిండాలు. రక్తంలో ఎక్కువైన క్షారాన్ని అవి కొద్దికొద్దిగా మూత్రంలోకి పంపేస్తాయి. అప్పుడు మెదడు పగ్గం వదులుతుంది, ఊపిరి నిండుగా ఆడుతుంది. కాని మూత్రపిండాల పని గంటల్లో అయ్యేది కాదు. రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. ఆక్సిజన్‌ను మోసే ఎర్ర రక్తకణాలు తగినన్ని తయారు కావాలంటే వారాలే కావాలి. డబ్బు పెట్టి విమానాన్ని తొందరపెట్టవచ్చు గాని, మూత్రపిండాలను తొందరపెట్టలేం!

పూర్ణకు అన్ని రోజులు ఎందుకు?

మన జిల్లాలోనే సిరికొండ మండలంలో పాకాల అనే ఊరుంది. ఆ ఊరి అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు ఇంకా నిండలేదు. ఎవరెస్టు ఎక్కిన బాలికల్లో అంత చిన్న వయసు వారు అంతకు ముందు లేరు. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులే.

పూర్ణ భువనగిరి బండ మీద తాడు పట్టుకోవడం నేర్చుకుంది. ఆ తర్వాత డార్జిలింగ్‌లో, లడాఖ్ చలిలో శిక్షణ పొందింది. ఎవరెస్టును టిబెట్ వైపు నుంచి ఎక్కింది. టిబెట్ పీఠభూమి కూడా లడాఖ్‌లాగే ఎత్తైన చల్లని ఎడారి. ఆ యాత్రకు దాదాపు ఏడు వారాలు పట్టింది. అన్ని రోజులు దేనికి? పర్వతారోహకులు పై శిబిరానికి ఎక్కుతారు, మళ్ళీ కిందికి దిగి పడుకుంటారు. మరో రోజు ఇంకొంచెం పైకి ఎక్కుతారు, మళ్ళీ దిగుతారు. చూసేవారికి ఎక్కిన కొండనే ఎక్కుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ రోజుల్లో వాళ్ళు ఊపిరికి పాఠం చెబుతుంటారు.

మాస్టారు తప్పిన పాఠం

ఇక నా కథ. వేసవి సెలవుల్లో మేం నలుగురు ఉపాధ్యాయులం లేహ్ వెళ్ళాం. పొద్దున ఢిల్లీలో విమానం ఎక్కితే గంటన్నరలో లేహ్‌లో దిగాం. ఆకాశం నీలిరంగు అద్దంలా ఉంది, కొండలు చేతికందేటట్టు ఉన్నాయి. మేం బస చేసిన ఇంటి యజమానురాలు "ఇవాళా రేపూ ఎక్కడికీ పోవద్దు, పడుకోండి" అని వచ్చీరాని హిందీలో చెప్పింది. నాకు ఒంట్లో ఏమీ తేడా అనిపించలేదు. సైన్సు మాస్టారిని, నాకు తెలియదా అనుకున్నాను. వారం రోజుల సెలవులో రెండు రోజులు పడుకుంటే ఎలా? సాయంత్రం శాంతి స్తూపం మెట్లెక్కాను.

రాత్రి పదింటికి తలనొప్పి మొదలైంది. అర్ధరాత్రి దాటాక వాంతులు. తెల్లవారి బాత్రూముకు నడవబోతే గోడ పట్టుకోవలసి వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు నా వేలికి చిన్న క్లిప్పు తగిలించాడు. కరోనా రోజుల్లో మన ఇళ్ళలో కూడా చూశాం గదా, ఆ పరికరమే. ఆర్మూరులో 97, 98 చూపించే అంకె 72 చూపించింది. కొన్ని గంటలు ఆక్సిజన్ పెట్టి, రెండు రోజులు మంచం దిగవద్దన్నారు. నేను మిగుల్చుకోవాలనుకున్న రెండు రోజులే నాకు పోయాయి. పైగా తోటివారి రెండు రోజులు కూడా పోగొట్టాను. నా అదృష్టం కొద్దీ అంతటితో తీరింది. అందరికీ అలా తీరదు.

ఈ గుర్తులు మరవకండి

తలనొప్పి, ఆకలి లేకపోవడం, వికారం, తల తిరగడం, నీరసం: ఇవి ఎత్తు జబ్బుకు మొదటి గుర్తులు. ఎత్తుకు చేరిన మొదటి రోజునే కనిపించవచ్చు. అప్పుడు పైకి పోకుండా ఉన్నచోటనే విశ్రాంతి తీసుకోవాలి. తగ్గకపోగా పెరుగుతుంటే కిందికి దిగాలి.

దీనిలో ప్రాణం తీసే రూపాలు రెండున్నాయి. ఒకటి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం. కూర్చున్నా ఆయాసం వస్తుంది, దగ్గుతో నురగ పడుతుంది. రెండోది మెదడు వాయడం. మాట తడబడుతుంది, నేల మీద గీత గీసి దాని మీద నడవమంటే మనిషి తూలుతాడు. ఇలాంటి గుర్తులు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. వెంటనే కిందికి దించి డాక్టరు దగ్గరకు చేర్చాలి. ఎత్తు జబ్బుకు అన్నిటి కంటే పెద్ద మందు కిందికి దిగడమే.

బలమైనవారికి ఇది రాదనుకోవడం పొరపాటు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మైదానాల్లోని సైనికులను హుటాహుటిన ఎత్తైన సరిహద్దులకు పంపవలసి వచ్చింది. దృఢకాయులైన యువకులు ఎంతోమంది జబ్బుపడ్డారు. భారత సైనిక వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికులను పరిశీలించి 1969లో ప్రచురించిన వ్యాసాన్ని ప్రపంచమంతా ఆసక్తితో చదివింది. ఆ అనుభవం నుంచి మన సైన్యం ఒక నియమం పెట్టుకుంది. ఎత్తుకు వెళ్ళే జవాను మొదటి దశలో ఆరు రోజులు ఆగాలి. అందులో మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. కొండలు కాపలా కాసే జవానే రెండు రోజులు ఆగుతుంటే, చూడబోయే మనకు తొందరేమిటి?

కాగితం తిరగరాద్దాం

ఇప్పుడు మా కుర్రాళ్ళ కాగితం ముందు పెట్టుకుందాం. వైద్యులు చెప్పే సూత్రం ఇది: 3,000 మీటర్లు దాటాక, నిద్రపోయే చోటు ఎత్తును ఒక రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకు ఒక రోజు అదనపు విశ్రాంతి ఉండాలి. పగలు ఎక్కడికి వెళ్ళామన్న దాని కంటే రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే ముఖ్యం.

విమానంలో వెళ్తే మొదటి రెండు రోజులు లేహ్‌లోనే. నీళ్ళు తాగడం, తేలికగా తినడం, రెండో రోజు బజారులో మెల్లగా నడవడం, అంతే. మూడో రోజు సింధు లోయలోనే తిక్సే ఆరామం, సింధు, జంస్కార్ నదుల సంగమం చూడవచ్చు. నాలుగో రోజు ఖర్దుంగ్ లా. అక్కడ బోర్డు మీద 18,380 అడుగులని చూస్తారు. కొత్త కొలతల ప్రకారం దాని ఎత్తు 5,359 మీటర్లు, అంటే సుమారు 17,580 అడుగులే! అక్కడ ఫొటో తీసుకుని వెంటనే అవతలికి దిగి నుబ్రా లోయలో పడుకోవాలి. ఆ లోయ లేహ్ కంటే తక్కువ ఎత్తు, సుమారు 3,100 మీటర్లు. పాంగాంగ్ సరస్సు 4,250 మీటర్ల ఎత్తున ఉంది. లేహ్ నుంచి ఒక్కసారిగా 750 మీటర్లు పెంచి అక్కడ నిద్రపోవడం మూడో రోజున తగదు, దాన్ని చివరకు నెట్టాలి.

రోడ్డు మీద వెళ్ళేవారికి శ్రీనగర్ దారి మేలు. శ్రీనగర్ 1,600 మీటర్లు, కార్గిల్ 2,700, లేహ్ 3,500. మెట్లు మెట్లుగా ఎక్కినట్టుంటుంది. మనాలీ దారిలో అయితే 2,000 మీటర్ల నుంచి బయలుదేరి, చాలామంది 4,300 మీటర్ల సర్చూలో రాత్రి ఆగుతారు. మెట్లెక్కకుండా అటక మీదికి దూకినట్టే!

గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, రక్తహీనత ఉన్నవారు బయలుదేరే ముందే డాక్టరును అడగాలి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే మాత్రలున్నాయి గాని అవి అందరికీ పడవు. కాబట్టి స్నేహితుడి మాట మీద మింగవద్దు. మొదటి రోజుల్లో మద్యం, నిద్రమాత్రలు ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయని పెద్దలకు మీరే చెప్పండి.

ఇక సామాను. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. మూడు కిలోమీటర్లకు 20 డిగ్రీలు! పొడి గాలి వేడిని పట్టి ఉంచలేదు కాబట్టి పొద్దు గూకగానే చలి కమ్ముతుంది. పైగా ప్రతి వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి. అందువల్ల స్వెట్టరూ కావాలి, నల్లకళ్ళద్దాలూ టోపీ కూడా కావాలి. మన కల్లంలో పసుపు ఎండినట్టు అక్కడ పెదవులు ఎండిపోతాయి. ప్రతి ఊపిరితోనూ ఒంట్లోని నీరు పోతుంది. దాహం వేయకపోయినా నీళ్ళు తాగుతుండాలి.

ఇంత ఇబ్బంది పెట్టే ఆ పలచని పొడి గాలే ఖగోళ శాస్త్రజ్ఞులకు వరం. లడాఖ్‌లోని హాన్లే దగ్గర 4,500 మీటర్ల ఎత్తున మన దేశపు వేధశాల ఉంది. అక్కడే 21 మీటర్ల వెడల్పు పళ్ళెంతో గామా కిరణాలను గమనించే 'మేస్' టెలిస్కోపును 2024 అక్టోబరులో ప్రారంభించారు. దాని నిర్మాణంలో మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. పాలు పంచుకుంది.

మీరే చేసి చూడండి

లేహ్ వెళ్ళకుండానే పీడనం సంగతి చూడవచ్చు. సూది లేని కొత్త ప్లాస్టిక్ సిరంజి తీసుకోండి. పెద్దవారి సాయంతో, చేయి కాలనంత వేడి నీటిని అందులో పావు వంతు పీల్చండి. లోపల గాలి లేకుండా చేసి, మూతిని వేలితో గట్టిగా మూయండి. ఇప్పుడు పిడిని వెనక్కు లాగండి. మంట లేకుండానే నీటిలో బుడగలు లేస్తాయి! పిడి వదలగానే ఆగిపోతాయి. లాగినప్పుడు పీడనం తగ్గింది, అందుకే ఆ వేడికే నీరు మరిగింది. మొదట్లో వచ్చేవి నీటిలో కరిగి ఉన్న గాలి బుడగలు కూడా కావచ్చు. రెండింటికీ తేడా ఎలా కనుక్కోవాలో మీరే ఆలోచించండి.

మా కుర్రాళ్ళు అంతా విన్నారు. చివరకు ఒకడు తల గోక్కుంటూ, "సార్, మాకు ఏడు రోజులే సెలవు. రెండు రోజులు పంటే సరస్సు కొట్టుకపోతది" అన్నాడు. "అయితే సరస్సునే కొట్టెయ్ బిడ్డా, విశ్రాంతిని కొట్టెయ్యకు. సరస్సు వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటది" అన్నాను. కొద్దిసేపు ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. తర్వాత నా బల్ల మీది ఎర్రసిరా పెన్ను తీసుకుని, మూడో రోజు ఎదుట రాసుకున్న పాంగాంగ్‌ను వాళ్ళే కొట్టివేశారు.